కేటలాగులో లేని తూటా, జగిత్యాలలో లేని రైఫిల్

1907లో బ్రిటిష్ సర్కారు ఇండియాలోకి .450 బోరు తూటాలు రానివ్వకుండా ఆపేసింది. వన్యప్రాణుల మీద జాలితో కాదు, తిరుగుబాటు భయంతో. అంతకు ముందు సైన్యం వాడి పక్కన పెట్టిన మార్టినీ-హెన్రీ రైఫిళ్లు అప్పటికి ఎవరెవరి చేతుల్లోకో వెళ్లిపోయాయి. వాటి బోరు కూడా .450. వేట పేరుతో వచ్చే సరుకులోని గుండ్లు ఊడదీసి ఆ పాత రైఫిళ్లకు వాడుకుంటారని సర్కారు అనుమానం.

దెబ్బ లండన్ తుపాకుల కంపెనీల మీద పడింది. జాన్ రిగ్బీ 1898లో తెచ్చిన .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ అప్పట్లో ఏనుగు వేటకు, పులి వేటకు పేరుమోసిన తూటా. ఇండియా దానికి పెద్ద అంగడి. ఆ అంగడి మూతపడకూడదంటే బోరు అంకె మారాలి. .465, .470, .475 అంటూ కొత్త తూటాలు వరసగా వచ్చి పడ్డాయి. హాలండ్ అండ్ హాలండ్ కంపెనీ .500 తూటా ఇత్తడి కేసు తీసుకుని, దాని మెడ నొక్కి, .465 గుండుకు సరిపెట్టింది. ఇప్పటికీ ఆఫ్రికాలో పెద్ద జంతువుల వేటగాళ్లు మోసే .470కి కూడా తల్లి కేసు .500 నైట్రోయే. తమాషా ఏమిటంటే, నిషేధానికి మూలమైన మార్టినీ-హెన్రీ తూటా సైతం 1871లో .577 స్నైడర్ కేసు మెడ నొక్కి చేసిందే.

ఉన్న కేసును తీసుకుని మెడ సన్నం చేయడం లేదా వెడల్పు చేయడం, భుజం కోణం మార్చడం, పొడవు తగ్గించడం. ఈ పని పెద్ద కంపెనీ చేసి కేటలాగులో పెడితే అది మామూలు తూటా. ఏ కంపెనీ అమ్మకుండా, ఒక తుపాకుల మేస్త్రీ తన వర్క్‌షాపులో చేసుకుంటే దాన్ని వైల్డ్‌క్యాట్ తూటా అంటారు. అంగట్లో దొరకదు కనుక దాన్ని పేల్చే రైఫిల్ కూడా విడిగా కట్టించుకోవాల్సిందే.

అమెరికాలో ఇది వందేళ్ల ముచ్చట. మన దేశంలో ముచ్చటగా కాదు గదా, పనిగా కూడా సాగలేదు. ఎందుకన్నది జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు నుంచి చూస్తే బాగా తెలుస్తుంది. ఇనుము, ఉక్కు, కొలిమి, ఫిరంగులు, అడవి, వేట, చివరికి లేత్ మెషీన్లు కూడా ఉన్న సీమ అది. రైఫిల్ తయారీ మాత్రం లేదు. చేత కాక కాదు.

ముందు అమెరికా సంగతి. అక్కడి వేటగాళ్లకు 1906 నాటి సైనిక తూటా .30-06 పెద్ద వరమైంది. కేసులు చవక, రైఫిళ్లు బోలెడు. 1920లో నీడ్నర్ అనే మేస్త్రీ ఆ కేసు మెడను .25 గుండుకు నొక్కాడు. 1922లో అదే కేసు మెడను వెడల్పు చేసి .35 వీలన్ పుట్టించారు. మొదటిదాన్ని రెమింగ్టన్ కంపెనీ 1969లో, రెండోదాన్ని 1988లో తన కేటలాగులోకి తీసుకుంది. అంటే ఒకటి దాదాపు యాభై ఏళ్లు, ఇంకొకటి అరవై ఆరేళ్లు వర్క్‌షాపుల్లోనే బతికాయి. .250 శావేజ్ కేసు నుంచి వచ్చిన .22-250ది కూడా ఇదే దారి. 1965లో గానీ అది రెమింగ్టన్ కేటలాగుకు ఎక్కలేదు. జర్మన్ 7×57 మౌజర్ కేసును నెడ్ రాబర్ట్స్ మార్చుకుంటే 1934కల్లా అది .257 రాబర్ట్స్‌గా అంగట్లోకి వచ్చింది. రాయ్ వెదర్బీ అనే ఆయన ఇంకో మెట్టు ఎక్కాడు. హాలండ్ వారి .300 కేసుతో తాను చేసుకున్న తూటాల మీద 1945లో కాలిఫోర్నియాలో ఏకంగా కంపెనీయే పెట్టాడు.

ఈ రంగంలో గురువు లాంటివాడు పి.ఓ. ఆక్లీ. పాత కేసు గోడలను నిలువు చేసి, భుజాన్ని 40 డిగ్రీలకు తిప్పి, లోపల కాస్త ఎక్కువ మందు పట్టేలా చేయడం ఆయన పద్ధతి. అలాంటి తూటాల పేర్ల చివర ఇప్పటికీ ఆయన పేరు తగిలిస్తారు. ఆయనలో మెచ్చుకోదగింది వేగం పిచ్చి కాదు, పరీక్ష. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చవకగా దొరికిన సైనిక రైఫిళ్లలో ఏది ఎంత ఒత్తిడికి తట్టుకుంటుందో తేల్చడానికి కావాలని మందు పెంచుతూ పేల్చి చూశాడు. అందరూ చిన్నచూపు చూసిన జపాన్ అరిసాకా అన్నిటికన్నా గట్టిదని తేలింది.

ఇలాంటి రైఫిల్ కట్టడంలో కష్టం కర్రపనిలో లేదు. చెక్క మడమకు ఎంత నగిషీ చెక్కినా ప్రాణం ఉండేది మూడు చోట్ల. మొదటిది యాక్షన్, అంటే బోల్టు, అది తాళం పడే ఉక్కు దిమ్మ. సాధారణంగా 1898 నాటి మౌజర్ నమూనానో, 1962లో వచ్చిన రెమింగ్టన్ 700నో తీసుకుంటారు. తల్లి కేసు అడుగు ఎంత వెడల్పో బోల్టు ముఖం అంతే ఉండాలి. రెండోది గొట్టం. లోపలి మెలికల గాడులు ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయన్నది గుండు పొడవును బట్టి ఉంటుంది. పొడుగు గుండుకు బిగువైన మెలిక కావాలి. మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది చాంబరు. తూటా కూర్చునే ఈ గదిని ఆ తూటా కొలతలకే ప్రత్యేకంగా చేయించిన రీమరుతో తొలుస్తారు. వైల్డ్‌క్యాట్ ఖర్చు ఇక్కడే మొదలవుతుంది. రీమరు, కొలత గేజులు, కేసు దిద్దే అచ్చులు అన్నీ ఒక్క రైఫిల్ కోసమే చేయించుకోవాలి.

బోల్టు ముఖానికి, కేసు ఆనుకునే చోటుకు మధ్య దూరాన్ని హెడ్‌స్పేస్ అంటారు. అది కొంచెం తక్కువైతే బోల్టు మూసుకోదు. ఎక్కువైతే కేసు సాగి చిట్లుతుంది, వేడి గ్యాసు వెనక్కి, కాల్చేవాడి ముఖం మీదికి తన్నుతుంది. .30-06 లాంటి తూటా పేలినప్పుడు లోపల ఒత్తిడి చదరపు అంగుళానికి 60,000 పౌండ్ల దాకా పోవచ్చు. కారు టైరులో ఉండేది ముప్పై, ముప్పై అయిదు. కంపెనీ తూటాకు ఎంత మందు వేయాలో ముద్రించిన పట్టికలు ఉంటాయి, ప్రయోగశాలలో కొలిచిన ఒత్తిళ్లు ఉంటాయి. అమెరికాలో ఈ కొలతలను 1926 నుంచి శామీ అనే సంస్థ ఖాయం చేస్తోంది. వైల్డ్‌క్యాట్‌కు ఆ పట్టిక లేదు. దాని యజమాని తన చేతులను, కళ్లను పణంగా పెట్టి దాన్ని తానే రాసుకోవాలి.

ఇంతా చేసి దక్కేదేమిటి? చాలాసార్లు పెద్దగా ఏమీ లేదు. సెకనుకు నూరో, నూటయాభయ్యో అడుగుల వేగం పెరిగితే జింకకు తేడా తెలియదు. గొట్టం మాత్రం తొందరగా అరుగుతుంది. పైన చెప్పిన పేర్లు నెగ్గినవి. ఎవరికీ అక్కరలేక మాసిపోయినవి అంతకు ఎన్నో రెట్లు. అయినా ఆ చిల్లర ప్రయోగాల నుంచే పెద్ద కంపెనీలకు ఆలోచనలు దొరికాయన్నది నిజం. అక్కడ ఇంటి షెడ్డులో లేతు ఉన్నవాడు తన సొంతానికి రైఫిల్ చేసుకోవడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా అడ్డుకోదు. అడ్డుకుని ఉంటే ఈ కథే లేదు.

ఇక మన సీమ. కోరుట్ల నుంచి 63వ జాతీయ రహదారి మీద మెట్‌పల్లి దాటి ఆర్మూరు వైపు వెళ్తుంటే కమ్మర్‌పల్లి ప్రాంతంలో కోనసముద్రం వస్తుంది. డమాస్కస్ కత్తుల పేరుతో ప్రపంచం ఎరిగిన ఉక్కుకు సరఫరా చేసిన ఊళ్లలో ఇదొకటి. త్రికోణమితి సర్వే నడిపిన లాంబ్టన్ బృందంలో వైద్యుడుగా, భూగర్భ శాస్త్రజ్ఞుడుగా పనిచేసిన హెన్రీ వాయ్సే 1820ల మొదట్లో ఇక్కడి కొలిములు చూసి వివరంగా రాశాడు. ఆయన 1824లో పోయాడు, వ్యాసం 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. మట్టి మూసల్లో ఇనుము కరిగించడం, రాత్రింబగళ్లు తిత్తులు ఊదడం, గట్టిపడ్డ ఉక్కు బిళ్లలను మళ్లీ మళ్లీ కాల్చి మెత్తబరచడం, పారసీక వర్తకులు అంత దూరం నుంచి వచ్చి సరుకు దగ్గరుండి చేయించుకోవడం అందులో ఉన్నాయి. ఆ తర్వాత ఎస్. జైకిషన్ ఈ కొలిముల చరిత్ర మీద ఏళ్ల తరబడి పనిచేశారు. 2010లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయానికి చెందిన గిల్ జులెఫ్, బెంగళూరుకు చెందిన శారదా శ్రీనివాసన్‌లతో కలిసి ఉత్తర తెలంగాణ జిల్లాల్లో చిట్టెపు రాళ్ల దిబ్బలు వెతికితే ఊరూరా పాత కొలిముల ఆనవాళ్లు బయటపడ్డాయి.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయాన్ని పక్కన పెట్టాలి. అంత గొప్ప ఉక్కు ఉన్నచోట గొప్ప తుపాకులు పుట్టాలి గదా అని చాలామంది అనుకుంటారు. కోనసముద్రం తరహా ఉక్కులో కార్బన్ ఒకటిన్నర శాతం అటూ ఇటూగా ఉంటుంది. కత్తి అంచుకు అది అమృతం. గొట్టానికి కావాల్సింది వేరు: లోపల ఒత్తిడి పుట్టగానే పెళుసుగా పగలకుండా సాగి నిలిచే గుణం. అందుకే పాతకాలం కమ్మరులు ఇనుప పట్టీలను కడ్డీ చుట్టూ మెలితిప్పి, కాల్చి అతికి గొట్టాలు చేసేవాళ్లు. ఈనాటి రైఫిల్ గొట్టాలు చాలావరకు క్రోమియం, మాలిబ్డినం కలిసిన, కార్బన్ అంతకన్నా బాగా తక్కువ ఉన్న ఉక్కుతో వస్తాయి.

జగిత్యాల కోట కథ ఫిరంగులది. 1747లో ఫ్రెంచి ఇంజనీర్ల సాయంతో ఇబ్రహీం ధంసా కట్టించిన నక్షత్రాకారపు కోట అది. ఆ కోణాలన్నీ ఎదుటివాడి ఫిరంగి దెబ్బను తప్పించడానికి, తన ఫిరంగులు ప్రతి వైపూ కాల్చడానికి పెట్టినవి. గోదావరి అవతల నిర్మల్‌లో ఫిరంగులు పోత పోశారు. హైదరాబాద్‌లో ఫ్రెంచి సేనాని రేమండ్ పెట్టిన ఫిరంగుల కార్ఖానా పేరు గన్‌ఫౌండ్రీగా ఇప్పటికీ నిలిచింది. ఇదంతా కొలువుల సొమ్ముతో కొలువుల కోసం సాగిన పని. కొలువు మారితే కార్ఖానా మూతపడింది, పల్లెకు దిగలేదు.

పల్లెలో మిగిలింది భర్మార్. మూతివైపు నుంచి మందు, గుడ్డపేలిక, గుండో రవ్వలో కూరి, వెనక టోపీ పెట్టి పేల్చే నాటు తుపాకి. అడవి పక్క ఊళ్లలో కమ్మరులే వీటిని చేశారు, బాగుచేశారు. 1946–51 తెలంగాణ సాయుధ పోరాటంలో దళాల చేతుల్లో కనిపించినవాటిలో ఇవీ ఉన్నాయి. పెద్దల వేటకు మాత్రం తుపాకి ఇంగ్లండు నుంచి దిగింది. 1902లో వైస్రాయి కర్జన్ నెక్కొండ అడవుల్లో పులి వేట ఆడితే రాజా దీన్‌దయాళ్ తీసిన ఫొటో ప్రసిద్ధం. ఆ వేటలో ఊరివాళ్లకు దక్కిన పని డప్పులు కొట్టి అడవి జల్లడమే.

1978తో కథ మారిపోయింది. సెప్టెంబరులో రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర, అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించడం. ఆ తర్వాత రెండు, మూడు దశాబ్దాలు ఇక్కడ తుపాకి అంటే ఒకవైపు నక్సలైట్ దళం, మరోవైపు పోలీసు. మధ్యలో శికారు, సరదా, పనితనం అనే మాటలకు చోటు లేకపోయింది. సిరిసిల్లలో వేల మరమగ్గాలు ఉన్నాయి. వాటి విడిభాగాలు చేసే, అరిగిన షాఫ్టులు దిద్దే మెకానిక్కులకు వెంట్రుకవాసి కొలత చేతివాటమే. ఇంకో దేశంలో అయితే అలాంటి ఊరి నుంచి ఒకరిద్దరు పేరున్న తుపాకుల మేస్త్రీలు వచ్చేవాళ్లు. ఇక్కడ ఆ పని తలపెట్టినవాడి కోసం జైలు ఎదురుచూస్తుంది.

ఇది మాటవరసకు అన్నది కాదు. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ కింద లైసెన్సు లేకుండా తుపాకి గానీ తూటా గానీ చేయడం, మార్చడం, బాగుచేయడం నేరం. 2019 సవరణ తర్వాత అక్రమ తయారీకి శిక్ష కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. వాడిన కేసులో మళ్లీ మందు నింపుకోవడం అమెరికాలో వారాంతపు కాలక్షేపం. ఇక్కడ లైసెన్సు లేకుండా తూటా చేయడమే నేరం. కనుక కొత్త తూటా కనిపెట్టడమన్న ప్రశ్నే రాదు.

లైసెన్సు ఉన్నవాడికైనా దొరికే రకాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సైన్యం, పోలీసులు వాడిన .303, 7.62 మి.మీ., 9 మి.మీ. తూటాలు నిషిద్ధ బోర్లు. సామాన్యుడి రైఫిల్ అంటే .315. దీని పుట్టుక కూడా 1907 కథకు చెల్లెలే. .303ని పౌరులకు ఇవ్వకూడదు, రైఫిల్ మాత్రం అమ్ముకోవాలి. అందుకని ఆస్ట్రియా-హంగరీ సైన్యపు పాత 8 మి.మీ. మాన్‌లిహర్ తూటాను తెచ్చి లీ-ఎన్‌ఫీల్డ్ తరహా రైఫిల్లో బిగించారు. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ స్వాతంత్ర్యం వచ్చాక కూడా అదే కొనసాగించింది. పుట్టిన దేశంలో ఎప్పుడో మూలపడ్డ తూటా మన లైసెన్సు పుస్తకాల్లో బతికి ఉంది. మరో విచిత్రం .30-06. రెండు ప్రపంచ యుద్ధాల్లో అమెరికా సైన్యం పేల్చిన తూటా అది. మన సైన్యపు రైఫిళ్ల తూటా కాదు గనుక ఇక్కడ స్పోర్టింగ్ రైఫిల్‌గా చెల్లుబాటవుతుంది. తూటా బలాన్ని బట్టి కాక, ఎవరి కొట్లోంచి దొంగిలించొచ్చో చూసి గీసిన గీతలు ఇవి. వందేళ్ల కిందటి భయం ఇంకా చట్టంలో కూర్చుని ఉంది.

పెద్ద ఫ్యాక్టరీకి ఈ మధ్య తలుపులు తెరుచుకున్నాయి. హైదరాబాద్‌కు చెందిన ఐకామ్ సంస్థ యూఏఈ కంపెనీ కరకాల్‌తో చేతులు కలిపింది. కరకాల్ రైఫిళ్లలో .338 లపువా మాగ్నమ్ తూటా పేల్చే స్నైపర్ ఒకటుంది. 1980లలో రూపుదిద్దుకున్న ఆ తూటాకు తల్లి 1911 నాటి .416 రిగ్బీ అనే వేట తూటా. దాని కేసును గట్టిపరచి, మెడ నొక్కి చేశారు. ఇక్కడా అదే కిటుకు. తేడా అల్లా అది సైన్యానికి చెల్లుతుంది, సిరిసిల్ల మెకానిక్కుకు చెల్లదు. గురి మీద మోజున్న పిల్లలకు మిగిలిన దారి .22, ఎయిర్ రైఫిల్. హైదరాబాద్ నుంచి ఎదిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం తెచ్చింది ఆ దారిలోనే.

అమెరికా వెళ్లిన తెలుగువాళ్లకు ఒక మాట. టెక్సస్‌లో తెలిసినవాళ్లు పందుల వేటకు పిలిచారనో, పక్కింటాయన షెడ్డులో కొత్త రైఫిల్ కడుతున్నాడనో ఉత్సాహపడే ముందు వీసా చూసుకోవాలి. గ్రీన్‌కార్డు లేక చదువు వీసా మీదో హెచ్-1బీ మీదో ఉన్నవాళ్లు తుపాకి గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. దానితో పాటు రాష్ట్రానికో చట్టం ఉంటుంది.

ఇక్కడ వేట సంగతే చెప్పాలంటే, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో, దానికి 1991లో వచ్చిన సవరణతో అది ముగిసింది. మిగిలింది అధికారుల అనుమతితో జరిగే కాల్పులు. 2016లో బీహార్‌లోని మొకామాలో పంటలు మేస్తున్న నీల్‌గాయిలను కాల్చడానికి వెళ్లింది హైదరాబాద్ షూటర్లు. హైదరాబాద్‌కే చెందిన షూటర్ నవాబ్ షఫత్ అలీ ఖాన్ కొడుకు అస్గర్ అలీ ఖాన్ 2018 నవంబరులో మహారాష్ట్రలో అవని అనే ఆడపులిని కాల్చడం సుప్రీంకోర్టు దాకా వెళ్లిన వివాదం.

జగిత్యాల రైతు పోరు పులితో కాదు, పందులతో. మక్క చేనులో ఒక మంద రాత్రికి రాత్రి చేసే నాశనం మూడు, నాలుగు నెలల కష్టాన్ని మింగేస్తుంది. దానికి విరుగుడుగా కొందరు పొలం చుట్టూ కరెంటు తీగలు కడుతున్నారు. ఆ తీగలకు పందులకన్నా ముందు పక్క చేను రైతులు, గొర్రెల కాపరులు బలవుతున్నారు. తెలంగాణ ప్రభుత్వం సర్పంచులకు గౌరవ వన్యప్రాణి వార్డెన్ల హోదా ఇచ్చి, జాబితాలోని షూటర్లతో పందులను కాల్పించే అధికారం ఇచ్చింది. రాజేంద్రనగర్ వ్యవసాయ శాస్త్రజ్ఞులు చేను చుట్టూ ఆముదమో, ముళ్ల కుసుమో వేయమంటున్నారు. ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో పంట కాపలాకు మూతి నుంచి కూరే తుపాకికి లైసెన్సు ఇవ్వాలన్న మాట కూడా ఉంది. ఇన్ని దారులు కాగితం మీద ఉండగా రైతు చేతికి తీగ చుట్టే దొరుకుతోందంటే లోపం తూటాలో లేదు.

చేనులో నలభై, యాభై గజాల దూరంలో పందిని పడగొట్టడానికి పన్నెండు బోరు తుపాకి చాలు. ఇంకా దూరమైతే ఇషాపూర్ .315 ఉంది. వైల్డ్‌క్యాట్ రైఫిల్ ఇక్కడ ఎవరి అవసరమూ తీర్చదు. తీరాల్సిన అవసరం ఒక్కటే: మక్క కంకి పాలు పోసుకునే నాటికి షూటరు ఊళ్లో ఉండాలి. జిల్లా అటవీ అధికారులు షూటర్ల జాబితాను ఫోన్ నంబర్లతో సహా ప్రతి గ్రామ పంచాయతీ గోడ మీద రాయించాలి. సర్పంచు పదవి ఖాళీగా ఉన్న ఊళ్లలో ఆ అనుమతి ఎవరు ఇస్తారో కూడా దాని కిందే రాయాలి.